డెమో పాట (కడప, కర్నూలు ప్రాంతం)

డెమో పాట అంటే గాయకులు, స్వరకర్తలు అవకాశం కోసం తమ గొంతునో బాణీనో వినిపించడానికి చేయించుకునే నమూనా రికార్డింగు. ఇది అమ్మకానికి కాదు, సంగీత దర్శకుడో నిర్మాతో విని పిలుస్తారన్న ఆశతో చేసేది.

రికార్డింగు రాకముందు ఇక్కడ గొంతుకు పరీక్ష నాటకరంగమే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాల్లో, మైకులేని రోజుల్లో, పద్యం చివరి వరుసదాకా వినపడాలి. ఆ కుటుంబాల నుంచి వచ్చిన సురభి కమలాబాయి 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించి, తన పాటలు తానే పాడారు.

1963లో రాయలసీమకు దగ్గర్లోనే ఆకాశవాణి కడప కేంద్రం వచ్చింది. అదే ఏడు ఐరోపాలో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్‌ను విడుదల చేసింది గానీ, అది సీమ పల్లెలకు చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటిదాకా కొత్త గొంతుకు దారి రేడియో ఆడిషనే. 1952లో బి.వి. కేస్కర్ కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉండగా దేశమంతటా ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో, పాడేది ఎవరో పరీక్షకులకు కనపడదు. స్పీకరులో వచ్చే గొంతు మాత్రమే వింటారు. నెగ్గినవారికి బి, బి హై, ఏ, టాప్ అనే శ్రేణులు ఉంటాయి. పెద్ద శ్రేణి కోరినవారి రికార్డింగు ఢిల్లీకి వెళుతుంది. సిఫారసు లేని పల్లె గాయకుడికి ఇంతకన్నా న్యాయమైన ఏర్పాటు ఆ రోజుల్లో మరొకటి లేదు.

సినిమాకైతే మద్రాసు వెళ్లాల్సిందే. కడప జిల్లా సింహాద్రిపురంలో పుట్టిన హాస్యనటుడు పద్మనాభం నిర్మించిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ (1967) కోసం 1966 డిసెంబరు 15న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తొలి పాట పాడారు. నెల్లూరు ప్రాంతపు ఆ కుర్రాడి పాట మద్రాసు పోటీల్లో విని అవకాశం ఇప్పించినవారు సంగీత దర్శకుడు కోదండపాణి. పని అయ్యాక టేపు చెరిపి మళ్లీ వాడుకోవడం అప్పటి రివాజు. కోదండపాణి మాత్రం ఆ టేపును చెరపనివ్వకుండా ఉంచి, స్టూడియోకు వచ్చే తోటి సంగీత దర్శకులకు వినిపించమని ఇంజనీరుకు చెప్పారట; ఈ సంగతి బాలసుబ్రహ్మణ్యమే పలుమార్లు చెప్పుకున్నారు. తెలుగు సినిమా చరిత్రలో డెమోగా ఇంత ఫలించిన టేపు అరుదు.

క్యాసెట్ వచ్చాక భజన బృందాలు, జానపద గాయకులు టేపురికార్డరులో తామే పాడి పంపుకోవడం మొదలైంది. ఇప్పుడు ఆ పని ఫోను, ల్యాప్‌టాప్, ఒక కండెన్సర్ మైకు చేస్తున్నాయి. అయితే ఈ ప్రాంతపు ఇళ్లలో రికార్డింగుకు ఒక చిక్కుంది. కింద పరిచిన కడప బండలు, బేతంచెర్ల బండలు శబ్దాన్ని పీల్చుకోవు, తిప్పికొడతాయి. గొంతు డొల్లగా, బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. నేలమీద జంపఖానా పరిచి, గాయకుడి వెనక గోడకు బొంతలు వేలాడదీస్తే మోత బాగా తగ్గుతుంది. ఫ్యాను హోరు మైకులో పడుతుంది కనుక అదీ ఆపాలి. మే నెల ఎండల్లో తలుపులు బిగించి పాడటం కష్టం కాబట్టి తెల్లవారుజామునో రాత్రి పొద్దుపోయాకో పాడుకోవడం మేలు.