కోనసీమ ప్రభలు: డోలు చెప్పెడి దేశచరిత్ర



మన సంఘ వార్షిక మహాసభా సంచికకుఁ గులచరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు కోరినపుడు నాకుఁ గొంత సంకోచము కలిగినది. ఇట్టి సంచికలకు నేనును గోత్రర్షుల పేర్లు, పురాణశ్లోకములు కూర్చి పూర్వము వ్యాసములు వ్రాసినవాఁడనే. అవి చదివి సంతసించినవారు కలరు. వానివలన మన పూర్వులు ఏ నేలను దున్నిరో, ఏ యేటిని దాఁటిరో తెలిసికొన్నవారు మాత్రము నాకుఁ గనఁబడలేదు. కావున ఈసారి శ్లోకములను విడిచి డోలును గూర్చి వ్రాయుచున్నాను. పోషకులు మన్నింతురు గాక.

కనుమనాఁడు మొసలపల్లి చెంత జగ్గన్నతోఁటలో జరుగు ప్రభల తీర్థమును మనలోఁ జూడనివారు తక్కువ. అచ్చట గుడి లేదు, గోపురము లేదు; ఉన్నది కొబ్బరితోఁట. ఆ తోఁటకు పదునొకండు గ్రామములనుండి ఏకాదశ రుద్రులు ప్రభలపై వేంచేయుదురు. వ్యాఘ్రేశ్వరము, పుల్లేటికుర్రు, మొసలపల్లి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారము, ఇరుసుమండ, వక్కలంక, పెదపూడి, ముక్కామల, నేదునూరు, పాలగుమ్మి యనునవి యా గ్రామములు. ఈ యాచారము నాలుగు వందల యేండ్లనాఁటిదని పెద్దలు చెప్పుదురు. వెదుళ్లతోఁ గట్టి, రంగుబట్టలతోను పూలదండలతోను అలంకరించిన ప్రభను జనులు మూఁపులపై మోసికొని వత్తురు. ముందు డోళ్లు, తాషాలు, గరగలు. వెనుక శరభ ఘోష. 2023 జనవరి 26వ తేదీన ఢిల్లీలో గణతంత్ర దినోత్సవపు ఊరేగింపునందు మన రాష్ట్ర శకటముగా ఈ ప్రభలే నడచినవి. అది మనకు గర్వకారణమే. కాని శకటము చదునైన రాజవీథిని బోయినది. ప్రభయొక్క గొప్పతన మది నడచు దారిలో నున్నది.

ఆ దారిని గూర్చి కొంచెము వివరముగాఁ జెప్పవలయును. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలు పచ్చని వరిచేల నడుమనుండి వచ్చి ఎగువ కౌశికలో దిగును. చేను త్రొక్కఁబడినందులకు రైతు కోపింపఁడు. తన చేనిని రుద్రుఁడు త్రొక్కెనని మురియును. మోయువారికి నీరు ఱొమ్ములదాఁక, ఒకానొకచోట మెడదాఁక వచ్చును. ప్రభ యొక ప్రక్కకు ఒఱిగినదా, గట్టుననున్న వేలజనుల గుండె ఝల్లుమనును. అపుడు డోళ్ల వడి హెచ్చును, కేక మిన్నంటును, ప్రభ నిలువుగా ఆవలియొడ్డు చేరును.

ఈ కౌశిక యేది? గోదావరి ధవళేశ్వరమునకు దిగువను తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వాసిష్ఠ యని యేడుపాయలైనదని మన సంప్రదాయము. సప్తసాగర యాత్ర చేయువారు ఆ పాయలు సముద్రమునఁ గలియు తావులందు స్నానములు చేయుదురు. 1847లో మొదలిడి 1852 నాఁటికి కాటనుదొరగారు ధవళేశ్వరపు టానకట్టను ముగించిన పిదప ఈ సీమ కాలువలసీమ యైనది, కఱవు తీఱినది. అందులకు మనమందఱమును ఋణపడియున్నాము. అయితే నేఁటి నీటిపారుదలవారి లెక్కలలో కౌశిక నదికాదు, మురుగుకాలువ.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది. నేను ముప్పదియేండ్లకుఁ బైగా బాలురకు సంస్కృతాంధ్రములు బోధించితిని. ఏడుపాయల పేర్లు వారిచే వల్లెవేయించితిని. కౌశిక యెక్కడ నున్నదండీ యని యొక బాలుఁ డడుగఁగా, పూర్వముండెను, ఇపుడు అంతర్హితమైనదని గంభీరముగాఁ జెప్పితిని. ఆ బాలుని యింటివెనుకఁ బాఱుచున్నదే కౌశిక యని నాకుఁ దెలిసినది మఱుసటి కనుమనాఁడు, డోలు వెంట నడచినపుడు! నేను గ్రంథములో వెదకినదానిని వాద్యకాఁడు కాలితోఁ జూపినాఁడు.

రాజరాజ నరేంద్రుఁడు నారాయణభట్టున కిచ్చిన నందంపూడి శాసనము ఈ సీమదే. దానిని రచించినవాఁడు నన్నయభట్టు. అట్టి దానశాసనములలో గ్రామపు టెల్లలను చెఱువులు, చెట్లు గుఱుతులుగాఁ జెప్పుట పరిపాటి. రాగిరేకు ఎల్లలను ఒకసారి చెప్పి నేలలోఁ బడియుండును. ప్రభ యేఁటేఁట ఆ పనిని మరలఁ జేయుచున్నది. ఏ గట్టున నడువవలయును, ఎచ్చట నీటిలో దిగవలయును, ఏ యూరి ప్రభకు ముందు గౌరవము చేయవలయును అనునవి యేవియును వ్రాఁతలో లేవు. నడచినవారి కందఱికిని కంఠస్థము. వ్యాఘ్రేశ్వరుని ప్రభ తోఁటకు వచ్చినపుడు తక్కిన ప్రభలను ఒకసారి పైకెత్తి గౌరవింతురు. వ్యాఘ్రేశ్వరమునఁ బులి, మాఱేడుచెట్టు కథ చెప్పుదురు. మొసలపల్లి పేరున మొసలి తోఁచును. వక్కలంక పేరున లంకయే యున్నది. ఇది పేళ్లనుబట్టి చేయు ఊహయే గాని, కొబ్బరితోఁటలకుఁ బూర్వము అడవియు, మడుగును, ఇసుకలంకయు నున్న దేశము ఆ కథలో కనులకుఁ గట్టును.

ద్రాక్షారామపు సంగతియు నిట్టిదే. అచ్చటి భీమేశ్వరాలయ స్తంభములపై శాసనములు వందలకొలఁది. శ్రీనాథుఁడు పదునైదవ శతాబ్దమున బెండపూడి అన్నమంత్రికిఁ గృతి యిచ్చిన భీమేశ్వర పురాణ మా క్షేత్రముదే. వానిని చదివినవా రెందఱు? వీరణము మ్రోయఁగా వీరనాట్యమువారు చెప్పెడి దక్షయజ్ఞపుఁ గథను విన్నవారో, లెక్కకు మిక్కిలి. దక్షుఁడు అచ్చటనే యజ్ఞము చేసెననుట చరిత్ర యని నేను వాదింపను. కథకులు కాలమును తారుమాఱు చేయుదురు. రాజును దేవుని, దేవుని రాజును చేయుదురు. కాని తావును మాత్రము తప్పనీయరు. కారణము సులభము: బుఱ్ఱకథలో కథకుఁడు మఱచినది వంత యందించును, ఊరిపేరు తప్పు చెప్పినచో శ్రోతలే కేకవేసి దిద్దుదురు. ఒంటిగా వ్రాసికొను నావంటి పండితుని దిద్దువాఁ డెవ్వఁడు?

ఇపుడు మహాసభవారికి నా మనవి. ఇటీవల తీర్థములలో ధ్వనివర్ధకపు బండ్లు ముందు నడుచుచుండఁగా డోలు వెనుకఁబడుచున్నది. కఱపత్రములలో దేవుని పేరు, ఊరి పేరు, దాతల పేర్లు పెద్దయక్షరములతో నుండును, వాద్యకాండ్ర పేళ్లుండవు. వారు మన కులమువారు కారనియు, మన సంచికలో వారికిఁ జోటేల యనియు ఒకరిద్దఱు పెద్దలు నాతో ననిరి. మన పూర్వులు నడచిన దారిని వారు కాపాడఁగా, మన సంచికలోఁ రెండు పుటలు వారికి లేకపోవుట యెట్టి న్యాయము?

వంశవృక్షపు ముద్రణకై కేటాయించిన ద్రవ్యములోఁ గొంత తీసి, వచ్చు కనుమకు చదువుకొన్న పిల్లలను ఇద్దఱిని ఒక్కొక్క ప్రభవెంట పంపుఁడు. వాద్యకాఁడు ఆగిన ప్రతి తావు పేరును, అచ్చట చెప్పుకొను కథను, చెప్పినవాని పేరును వ్రాసికొని రావలయును. గంగలకుర్రు ప్రభవెంట నేను పోయెదను. కౌశికలో మెడలోఁతున దిగు వయస్సు కాదు గనుక గట్టుననే యుండి పుస్తకము పట్టుకొందును.