కోడక్ గర్ల్

చిన్న కెమెరాల అమ్మకం కోసం ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీ ప్రకటనల్లో వాడిన యువతి బొమ్మ. నీలం, తెలుపు చారల గౌనుతో ప్రసిద్ధమైన రూపాన్ని 1910లో బ్రిటిష్ చిత్రకారుడు జాన్ హాసల్ గీశాడు. ఆ బొమ్మలో ఫొటోలు కడిగే రసాయనాల ఊసు లేదు. ప్రయాణం, సముద్రతీరం, గాలికి ఎగిరే గౌను, చేతిలో కెమెరా, అంతే. ఫొటో తీయడం ఆడవాళ్లకూ సులువేనని ఏ వివరణకన్నా ఈ బొమ్మే గట్టిగా చెప్పింది. సికింద్రాబాదులో ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ స్టూడియో పెద్ద గాజుపలకల మీద తీసిన ఫొటోలతో పేరు తెచ్చుకున్న కాలంతో పోలిస్తే ఇది ఎంత మార్పో! 1912లో ఇదే కంపెనీ నుంచి కోటు జేబులో పట్టే వెస్ట్ పాకెట్ కోడక్ కెమెరా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్నే సైనికుడి కెమెరాగా ప్రచారం చేశారు. 1926లో తయారీ ఆగేనాటికి దాదాపు 20 లక్షలు అమ్ముడయ్యాయి.