కిటికీ దగ్గర నీళ్ళు పోసిన పిల్ల

పొద్దున్నే మా ఇంట్లో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. వంటింట్లో డికాక్షన్, హాల్లో చేపల తొట్టి. పాలు పొంగేలోపు వెళ్ళి, తొట్టి అద్దం మీద మార్కర్‌తో గీసిన గీత దాకా నీళ్ళున్నాయో లేదో చూసుకుంటాను. తగ్గినంత మేర ఆర్వో నీళ్ళు పోస్తాను. ఉప్పునీటి చేపలకి మంచినీళ్ళు పోస్తావేమిటమ్మా అని మా అత్తగారు మొదట్లో గాభరా పడేవారు. "పులుసు మరిగితే నీరే పోతుంది గానీ ఉప్పు పోదు కదత్తయ్యా" అన్నాను. ఆవిడకి ఒక్కసారికే అర్థమైపోయింది. ఇదే సంగతి మా అబ్బాయికి షాపతను అరగంట చెప్పాడు.

తొట్టి మా అబ్బాయిదే. చిన్నప్పుడు నెమో సినిమా అరిగిపోయేదాకా చూసినవాడు. ఇంటర్‌లో ఉండగా పట్టుబట్టి, నాన్న చేత కొనిపించుకున్నాడు. 120 లీటర్ల తొట్టి, అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ ఫిష్ రెండు. ఏడాది తిరక్కుండా ఇంజినీరింగ్ అని హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు మావారు. మా పుట్టిల్లు భీమిలి. పెళ్ళయి హైదరాబాద్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇంట్లోకి వచ్చిన కాస్త సముద్రాన్ని మళ్ళీ బయటికి పంపడానికి నాకు మనసొప్పలేదు. అలా అది నా మెడకు చుట్టుకుంది, అంట్లతోనూ ఉతుకుతోనూ పాటు.

ఒకరోజు అద్దం తుడుస్తూ, అసలు సముద్రాన్ని ఇంట్లో పెట్టుకోవాలని మొదట ఎవరికి తోచిందా అనిపించింది. ఏ రాజుగారికో, ఏ పెద్ద శాస్త్రవేత్తకో తోచి ఉంటుందనుకున్నాను. చదివితే తేలిందేమిటంటే, ఒక బట్టలు కుట్టే ఆవిడకి!

ఆవిడ పేరు జాన్ విల్‌ప్రూ పవర్. 1794లో ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూళ్ళో, చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టింది. పద్దెనిమిదేళ్ళప్పుడు పారిస్ దాకా నడిచే వెళ్ళిందని చెబుతారు. అక్కడ కుట్టుపనిలో చేరి, 1816లో ఒక రాకుమారి పెళ్ళి గౌనుకి చేసిన ఎంబ్రాయిడరీతో పేరు తెచ్చుకుంది. తర్వాత ఇంగ్లీషు వర్తకుణ్ణి పెళ్ళాడి, సిసిలీ ద్వీపంలో మెస్సీనా అనే రేవు ఊళ్ళో కాపురం పెట్టింది. అక్కడి సముద్రంలో ఆర్గొనాట్ అని ఆక్టోపస్ జాతి జీవి ఒకటి ఉంది. ఆడదానికి కాగితమంత పల్చటి గుల్ల ఉంటుంది, గుడ్లు అందులోనే. ఆ గుల్ల అది స్వయంగా కట్టుకున్నదా, లేక వేరే జీవి వదిలేసిన దాంట్లో దూరిందా అని పండితులంతా వాదించుకుంటున్నారు. ఈవిడ వాదించలేదు. 1832లో గాజు తొట్లు చేయించి, సముద్రపు నీళ్ళు నింపి, ఆర్గొనాట్లను పెంచుతూ చూసింది. గుల్లలకు చిల్లి పెడితే అవే మళ్ళీ అతుకు వేసుకోవడం కనిపెట్టింది. గుల్ల దాని సొంతమే అని తేల్చేసింది. చినిగినచోట ఎవరు ఎలా కుడుతున్నారో చూడాలన్న ఆలోచన కుట్టుపని తెలిసినవాళ్ళకే వస్తుందేమో. ఇది నా ఊహే లెండి, పుస్తకాల్లో లేదు.

1838లో ఆవిడ సేకరించినవన్నీ ఓడతో పాటు మునిగిపోయాయి. ఆ దెబ్బతో పరిశోధన దాదాపు ఆగిపోయింది. అక్వేరియం ఆవిడ కనిపెట్టినదేనని ఇంగ్లండ్‌లో రిచర్డ్ ఓవెన్ అనే పెద్ద శాస్త్రవేత్త రాసి పెట్టాడు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు శుక్రగ్రహం మీద ఒక గుంటకు ఆవిడ పేరుంది.

రెండో ఆవిడ అన్నా థిన్. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ ఆబీ అనే పెద్ద చర్చిలో అధికారిగా ఉన్నాయన భార్య. 1846లో టార్కీ అనే సముద్రతీరపు ఊరికి వెళ్ళి, అక్కడ పగడపు జీవుల్ని చూసి ముచ్చటపడింది. దారి కుదుపులకి అటూ ఇటూ కొట్టుకోకుండా వాటిని సూదీ దారంతో ఒక స్పాంజికి కుట్టి, జాడీలో పెట్టి లండన్ తెచ్చింది. మళ్ళీ సూదీ దారమే చూడండి! తెచ్చాక అసలు చిక్కు మొదలైంది. లండన్‌లో సముద్రం లేదు. ఉన్న నీళ్ళు పాడైతే జీవులు చచ్చిపోతాయి. నీళ్ళలోకి గాలి ఎక్కించాలి. ఇప్పుడు మాకు మోటారుంది, మీట నొక్కితే చాలు. అప్పుడు ఏం చేశారంటే, తెరిచిన కిటికీ ముందు నిలబడి ఆ నీళ్ళను ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, మళ్ళీ ఇందులోంచి అందులోకి, ఒక్కోసారి అరగంట, ముప్పావుగంట పోశారు. మనం వేడి పాలు తిరగబోసి చల్లార్చినట్టు.

పోసింది అన్నా థిన్ కాదు. వాళ్ళింట్లో పనిచేసే పిల్ల. ఈ సంగతి ఆవిడే రాసుకుంది. అలసిపోయే పనే గానీ, మా పనిపిల్ల నన్ను సంతోషపెట్టాలనుకునేది, దానికి అది సరదాగానే ఉండేది అన్న ధోరణిలో రాసింది. అలా రాసింది యజమానురాలు కదా. ఆ పిల్ల రాసి ఉంటే ఏమని రాసేదో! చదివి నవ్వుకున్నాను గానీ కాసేపటికి నవ్వు పోయింది. ఆవిడ పేరు, ఆవిడ భర్త పేరు, తర్వాత దాన్ని అచ్చు వేయించిన గాస్ పేరు, అన్నీ చరిత్రలో ఉన్నాయి. నీళ్ళు పోసిన పిల్ల పేరు నాకు ఎక్కడా దొరకలేదు. మరుసటేడు ఆవిడ తొట్టిలో సముద్రపు నాచు కూడా వేసింది. నాచు ప్రాణవాయువు వదులుతుంది కాబట్టి ఆ పిల్ల చేతులకు కాస్త విశ్రాంతి దొరికి ఉండాలి.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఆయన పూనికతో 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడాది ఆయన రాసిన పుస్తకంతో ఇంగ్లండ్‌లో ఇంటింటికీ అక్వేరియం పిచ్చి పట్టుకుంది. ఇంట్లోనే సముద్రపు నీరు కలుపుకోవడానికి లెక్క చెప్పింది కూడా ఆయనే. కానీ జనం ఎగబడి తీరంలోని రాతి గుంటలన్నీ ఊడ్చేశారు. నాన్న వల్లే ఆ అందమంతా నాశనమైందని ఆయన కొడుకు తర్వాత బాధపడుతూ రాశాడు. మన వైపు మద్రాసు మెరీనా బీచిలో 1909లో అక్వేరియం కట్టారు. మన తాతల తరంలో మద్రాసు వెళ్ళినవాళ్ళు మ్యూజియం, జూ, చేపల ఇల్లు చూడకుండా తిరిగొచ్చేవారు కాదు.

ఈ తొట్లలోకి క్లౌన్ ఫిష్ వచ్చింది ఆలస్యంగానే. చేపని మాత్రం అంతకు ముందే ఎరుగుదురు. పసుపూ నలుపూ కలిసిన క్లార్కీ రకం 1830లోనే సిలోన్ తీరపు చేపల పుస్తకంలోకి ఎక్కింది. అది సీ ఎనిమోన్‌లో కాపురముంటుందన్న వింత 1868లో కాలింగ్‌వుడ్ అనే ఆయన రాశాక లోకానికి తెలిసింది. చూడ్డానికి పువ్వులా ఉండే ఆ జీవి ముట్టుకున్న చేపనల్లా కుట్టి చంపుతుంది, దీన్ని తప్ప. ఒంటి మీది జిగురే దీనికి రక్ష. తొట్టిలో ఎనిమోన్ లేకపోయినా ఇది హాయిగా బతుకుతుంది. మా ఇంట్లో వీటి మకాం ఒక మట్టి కుండీలో.

విమానాలూ, ప్లాస్టిక్ సంచులూ వచ్చాక ఈ చేపల వ్యాపారం పెరిగింది. దానితో పాటు పాపమూ పెరిగింది. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి పగడపు దిబ్బల మీద సైనైడ్ చల్లి, మత్తెక్కిన చేపల్ని పట్టేవారు. షాపులో అందంగా కనబడ్డ చేప ఇంటికొచ్చిన కొన్నాళ్ళకే చచ్చిపోతే, కొన్నవాళ్ళు తమ చెయ్యి మంచిది కాదనుకునేవారు.

నా తప్పు కూడా చెప్పాలి. క్లౌన్ ఫిష్‌లో సుమారు 30 రకాలున్నాయి. మా తొట్టిలో ఉన్నవి ఓసెల్లారిస్. ఒకసారి షాపులో మెరూన్ క్లౌన్ చూశాను. పట్టుచీర రంగు, ఒంటి మీద జరీ గీతల్లా పట్టీలు. అన్నీ ఒకే కులం మేడమ్, కలిసిపోతాయి అన్నాడతను. నమ్మి తెచ్చాను. దాని బుగ్గ మీద ముల్లుంటుందనీ, క్లౌన్ జాతిలో అంత పోట్లాటమారి మరొకటి లేదనీ ఆ తర్వాత తెలిసింది. ఇంటి తొట్టిలో ఒకే రకం, ఒకే జంట ఉండాలట. వారం తిరక్కుండా మా పెద్ద ఓసెల్లారిస్ రెక్కలు చీలికలై అడుగున పడి ఉంది. మా అబ్బాయికి ఫోన్‌లో చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. మెరూన్‌ని తిరిగి ఇచ్చేశాను. మిగిలిన చిన్నదానికి తోడుగా, దానికన్నా చిన్నదాన్ని తెచ్చాను.

ఇక్కడే నెమో సినిమా చెప్పని సంగతి ఒకటుంది. ఈ చేపలన్నీ మగవిగానే పుడతాయి. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది, దాని తర్వాతిది మొగుడు, మిగతావి ఎదగకుండా పిల్లల్లా ఒదిగి ఉంటాయి. ఆడది పోతే మగది ఆడదిగా మారుతుంది. ఇది 1977లో ఫ్రికె దంపతులు నేచర్ పత్రికలో రాశారు. అంటే 2003 నాటి ఆ సినిమాలో తల్లి పోయాక తండ్రి మార్లిన్ తల్లయిపోవాలి! నేను చదివి నమ్మలేదు. మా చిన్న మగది నెలలు గడిచేకొద్దీ ఒళ్ళు చేసింది, కొత్తదాన్ని అదిలించడం మొదలుపెట్టింది. ఏడాది దాటాక ఒక రోజు కుండీ అంచున నారింజ రంగు చుక్కలు కనిపించాయి. గుడ్లు! మగది తిండి సరిగా తినకుండా, రెక్కలతో విసురుతూ, పాడైన గుడ్లు నోటితో ఏరేస్తూ వారం రోజులు కాపలా కాసింది. మా అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుని చూసి, "వీడెవడో బుద్ధిమంతుడే" అన్నారు.

పిల్లలు దక్కలేదు. రాత్రి చీకటిపడ్డాక పొదుగుతాయి, కంటికి ఆనవు, వాటి నోట్లో పట్టేంత సన్నటి మేత కావాలి. 1970ల మొదట్లో ఫ్లోరిడాలో మార్టిన్ మో అనే ఆయన ఈ చిక్కు విప్పి, వీటిని అమ్మకానికి పెంచగలిగాడు. జాయిస్ విల్కర్సన్ అనే ఆవిడ 1998లో క్లౌన్ ఫిష్ పెంపకం మీద పెద్ద పుస్తకమే రాసింది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు మండపంలోనూ విళింజంలోనూ చాలా రకాలు పొదిగిస్తున్నారు. అందుకే కొనేటప్పుడు హేచరీదా, సముద్రంలో పట్టిందా అని అడగండి. అడిగితే షాపువాళ్ళకి చిరాకే. అయినా అడగండి.

మొన్న వేసవిలో పది రోజులు భీమిలి వెళ్ళాం. తాళాలు మా ఇంట్లో పనిచేసే ఆమెకిచ్చి, గీత చూపించి, రోజూ ఇంత దాకా పొయ్యమని చెప్పి వెళ్ళాను. తిరిగొచ్చాక డబ్బులిస్తే తీసుకుంది. అన్నా థిన్ కథ చెప్పి, దీని గురించి రాస్తున్నాను, నీ పేరు పెట్టనా అని అడిగాను. "పేరెందుకక్కా, నీళ్ళు పోసుడే గదా" అంది సిగ్గుపడుతూ. వద్దంది కాబట్టి పెట్టడం లేదు. "ఒక్కనాడు గూడ మర్చిపోలే" అని మాత్రం రెండుసార్లు చెప్పింది.

ఆమె వెళ్ళాక హైడ్రోమీటర్ పెట్టి ఉప్పు చూశాను. 1.025. నేను బయల్దేరిన రోజు ఎంతుందో అంతే.