కుకీ క్లిక్కర్

కుకీ క్లిక్కర్ బ్రౌజర్‌లో ఆడే కంప్యూటర్ ఆట. ఓర్టేల్ అనే మారుపేరుతో తెలిసిన ఫ్రెంచ్ ప్రోగ్రామర్ జూలియెన్ తియెన్నో దీన్ని 2013 ఆగస్టులో విడుదల చేశాడు. తెర మీద ఒక పెద్ద కుకీ బిస్కెట్టు ఉంటుంది. నొక్కినకొద్దీ కుకీలు పోగవుతాయి. వాటితో బామ్మలను, పొలాలను, గనులను, కర్మాగారాలను కొంటే అవే తయారీ సాగిస్తాయి.

ఈ ఆటలో భయం కూడా ఉంది, అది బామ్మల దగ్గర మొదలవుతుంది. కళ్లజోడు పెట్టుకుని నవ్వే ఆ ముసలమ్మలను ఆటగాడు వందల కొద్దీ కొని పనిలో పెడతాడు. పరిశోధనా కేంద్రం తెరిచాక వారి మనసులన్నీ ఒకటిగా కలిపే మార్పు అమ్మకానికి వస్తుంది. ఫలితం ఘోరంగా ఉండవచ్చని ఆట ముందే హెచ్చరిస్తుంది. అయినా ఉత్పత్తి పెరుగుతుందన్న ఆశతో చాలామంది కొంటారు. అప్పటినుంచి బామ్మల ముఖాలు వికృతమవుతాయి, వార్తల పట్టీలో వారి మాటలు వణుకు పుట్టిస్తాయి, రింక్లర్లు అనే జలగల్లాంటి జీవులు కుకీ చుట్టూ చేరి దాన్ని పీలుస్తాయి. ఒక్కో రింక్లర్ ఉత్పత్తిలో 5 శాతం హరిస్తుంది. కానీ దాన్ని చంపితే మింగినదంతా 10 శాతం అదనంతో తిరిగి వస్తుంది. బామ్మలతో శాశ్వత ఒప్పందం చేసుకుంటే శాంతి దక్కుతుంది, ఉత్పత్తి మాత్రం 5 శాతం తగ్గుతుంది. శాంతికి నష్టం, పీడకలకు లాభం: ఈ లెక్కే ఆటకు ప్రాణం. ఏది ఎంచుకున్నా ఆట తీర్పు చెప్పదు.

కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ వేదిక మీద ఈ ఆట 2021 సెప్టెంబరు 1న వచ్చింది. ఆ రూపానికి మైన్‌క్రాఫ్ట్ ఆట సంగీతకర్త సీ418 స్వరాలు సమకూర్చాడు.