చేతికి తెలిసిన చక్రం

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా సుమారు 120 కిలోమీటర్లు. గోదావరి దాటితే దుమ్ముగూడెం, చర్ల, ఆపైన ఛత్తీస్‌గఢ్ అడవి. ఈ దారి పొడవునా ఒక చిన్న విమానం ధైర్యంగా దిగే రన్‌వే లేదు. పడమర వరంగల్ పక్కన నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయం ఉంది కానీ 1980ల మొదట్లోనే అక్కడ రాకపోకలు ఆగిపోయాయి. దక్షిణాన గన్నవరం, ఆగ్నేయాన రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి. నడుమ ఉన్నదంతా టేకు చెట్లు, సింగరేణి గనులు, వరి మళ్లు, ఎండాకాలంలో బయటపడే గోదావరి ఇసుక తిన్నెలు.

ఈ అడవి విమానాన్ని ఎలా దాచేస్తుందో 2008లో చూశాం. ఆ ఏడాది ఆగస్టు 3న హైదరాబాద్ నుంచి రాయ్‌పూర్ బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్ నలుగురితో సహా కనిపించకుండా పోయింది. రెండు రాష్ట్రాల సరిహద్దు అడవులను గాలించారు. శకలాల జాడ తెలిసేసరికి నవంబర్ వచ్చింది. ఆ నలుగురి ఇళ్లలో ఆ మూడు నెలలు ఎలా గడిచి ఉంటాయో తలచుకోవడమే కష్టం.

ఇలాంటి చోట ఇంజిన్ ఆగిపోతే పైలట్ ఒక్కోసారి కావాలనే చక్రాలు దించడు. మెత్తటి మడిలోనో ఇసుకలోనో చక్రం కూరుకుపోతే విమానం ముక్కు నేలకు తగిలి పల్టీ కొడుతుంది. పొట్ట మీద జారుతూ వెళ్తే లోపలివాళ్లు బతికే అవకాశం ఎక్కువ. అది తెలిసి తీసుకునే నిర్ణయం. అదే పని చక్కటి రన్‌వే మీద, ఏ లోపమూ లేని విమానంలో, పైలట్‌కు తెలియకుండానే జరిగితే దాన్ని ప్రమాదం అంటాం. నేను రాస్తున్నది ఆ రెండో దాని గురించి.

అది జరిగే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. విమానం దిగడానికి వస్తోంది. ముందు దిగిన విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదు. టవర్ ఏదో అడిగింది, పైలట్ జవాబు చెప్పాడు. రోజూ ఏ మలుపు దగ్గర చక్రాలు దించుతాడో ఈ రోజు ఆ మలుపు దగ్గర మాట్లాడుతూ ఉన్నాడు. థ్రాటిల్ వెనక్కి లాగగానే చక్రాలు దిగలేదని హారన్ మోగడం మొదలైంది. మోగుతూనే ఉంది. మనసంతా రన్‌వే మీద బిగుసుకుపోయినప్పుడు ఆ మోత చెవిన పడినా బుర్రకెక్కదు. విమానం రోజూ కన్నా కాస్త కిందికి దిగిపోతున్నట్టు అనిపించేలోపే ప్రొపెల్లర్ కొసలు నేలను టకటకా కొడతాయి. వెంటనే రేకు రాపిడి. కొద్ది దూరంలోనే అంతా ఆగిపోతుంది.

సాధారణంగా ఎవరికీ పెద్ద దెబ్బలు తగలవు. విమానం సంగతి వేరు. ప్రొపెల్లర్ రెక్కలు వంగిపోతాయి. తిరుగుతున్న ఇంజిన్ దెబ్బ తిన్నది కాబట్టి దాన్ని విప్పి లోపలి భాగాలన్నీ పరీక్షించాలి. అడుగు రేకు, యాంటెనాలు పోతాయి. పాత విమానమైతే బాగుచేసే ఖర్చు దాని ధరనే మించిపోతుంది. ఆ పైలట్‌కు మాత్రం ఊరంతా ఒకే ప్రశ్న వేస్తుంది: చక్రాలు దించడం కూడా మరిచిపోతారా?

ఒకప్పుడు మరిచిపోయే వీలే లేదు. 1932 అక్టోబర్ 15న జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చిన పుస్ మాత్ విమానానికి చక్రాలు ఎప్పుడూ కిందే ఉండేవి. వేగం పెరిగే కొద్దీ ఆ చక్రాలే గాలికి అడ్డమయ్యాయి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలు. అందుకే 1930ల్లో వాటిని లోపలికి ముడిచే ఏర్పాట్లు జోరందుకున్నాయి. బ్రిటిష్ వాళ్ల ఏవ్రో ఆన్సన్‌లో ఆ పని చేతి పనే. హ్యాండిల్ పట్టుకుని వందకు పైగా చుట్లు తిప్పాలి. చేయి అంత నొప్పి పుట్టాక దించామో లేదో అన్న అనుమానం ఎవరికి వస్తుంది? తర్వాత హైడ్రాలిక్ ఒత్తిడి, విద్యుత్ మోటారు వచ్చాయి. అంత పెద్ద పని చిన్న మీటలోకి ఒదిగింది. చిక్కు కూడా అక్కడే పుట్టింది.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి ఒక వింత బెడద ఎదురైంది. బీ-17 బాంబర్లు యుద్ధం నుంచి క్షేమంగా తిరిగొచ్చి, చక్కగా దిగి, రన్‌వే మీద పరుగెడుతూ ఉండగా పొట్ట మీద కూలబడేవి. దిగాక రెక్కల వెనకంచున ఉండే ఫ్లాప్స్‌ను లోపలికి తీయాల్సిన పైలట్, దానికి బదులు చక్రాలను లోపలికి తీసేస్తున్నాడు. బీ-25లో, పీ-47లో కూడా ఇదే కథ. ప్రతి నివేదికలోనూ ఒకే తీర్పు: పైలట్ తప్పిదం.

ఒహాయోలోని రైట్ ఫీల్డ్ ప్రయోగశాలలో అల్ఫాన్స్ చపానిస్ అనే యువ మనస్తత్వవేత్త ఉండేవాడు. ఈ సంగతి అతని ముందుకు వచ్చినప్పుడు అతను వెళ్లి కాక్‌పిట్ చూశాడు. చక్రాల మీట, ఫ్లాప్స్ మీట పక్కపక్కనే, చూడటానికి దాదాపు ఒకేలా ఉన్నాయి. వంటింట్లో ఉప్పు, పంచదార ఒకేలాంటి డబ్బాల్లో పక్కపక్కన పెట్టి, చీకట్లో కాఫీ కలపమన్నట్టు. అతను ఇంకో విమానాన్ని కూడా చూశాడు. సీ-47లో ఆ రెండు మీటలూ వేర్వేరు చోట్ల ఉన్నాయి, కదిలించే తీరూ వేరు. అందులో ఈ పొరపాటు జరగడం లేదు. మనుషులు అదే సైన్యం వాళ్లు, శిక్షణ అదే, అలసట అదే. తేడా అంతా మీటల్లోనే ఉంది.

ఆ సీ-47 మనకు కొత్తది కాదు. దాన్నే మనవాళ్లు డకోటా అన్నారు. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపింది డకోటాలనే. మన దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ ఉద్యోగం చేసింది ఆ సంస్థలోనే. డకోటాలో ఇంకో సుగుణం ఉంది. చక్రాలు లోపలికి ముడిచినా అవి పూర్తిగా దాగవు, ఇంజిన్ల కింద కొంత భాగం బయటికి కనిపిస్తూనే ఉంటుంది. పొరపాటున అలాగే దిగినా నేల ముందు ఆ చక్రాలకే తగులుతుంది. బేగంపేట నుంచి ఎగిరిన పైలట్లకు తెలియకుండానే వాళ్లకు రెండు రక్షణలు దక్కాయి.

చపానిస్ సూచించిన మందు ఎంత చవకైనదో చూడండి. చక్రాల మీట చివర ఒక చిన్న రబ్బరు చక్రం. ఫ్లాప్స్ మీట చివర రెక్క ఆకారంలో ఒక పిడి. కన్ను చూడకపోయినా చేయి పోల్చుకుంటుంది. యుద్ధం తర్వాత ఆ ఆకారాలు విమాన నిర్మాణ నిబంధనల్లోకి ఎక్కాయి. నేటి ప్రయాణికుల విమానం కాక్‌పిట్‌లోనూ ఆ బుల్లి చక్రం కనిపిస్తుంది. ఎవరినీ మందలించకుండా, ఎవరినీ ఉద్యోగం నుంచి తీసేయకుండా ఒక ప్రమాదాన్ని అణచిన ఆ పిడి అంటే నాకు గొప్ప గౌరవం.

1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే పరిశోధకులు అదే పనిని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లారు. కాక్‌పిట్ మీటలతో మీరు చేసిన, చూసిన పొరపాట్లు చెప్పండని పైలట్లను అడిగి 460 అనుభవాలు పోగుచేశారు. ఒక మీటకు బదులు ఇంకోటి పట్టుకోవడమే వాటిలో అన్నిటికన్నా ఎక్కువ. అడిగే తీరులో అడిగితే పైలట్లు దాచుకోలేదు. మన దగ్గర ఆసుపత్రిలోనో, రైల్వే కేబిన్‌లోనో, విద్యుత్ సబ్‌స్టేషన్‌లోనో ఒక తప్పు జరిగితే ముందు అడిగేది ఎవరు చేశారని. ఎలాంటి మీట పట్టుకుని చేశారని అడిగేవాళ్లు ఇప్పటికీ తక్కువే. సస్పెన్షన్ కాగితం చేతికిచ్చి ఊరుకుంటే ఆ మీట రేపు వచ్చే ఉద్యోగి కోసం అలాగే కాచుకుని ఉంటుంది.

పాఠం తెలిసినా పరిశ్రమ అంతా ఒకే బాట పట్టలేదు. అమెరికాలో పేరున్న బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా, బారన్ చిన్న విమానాల్లో చక్రాల మీట, ఫ్లాప్స్ మీట ఇతర విమానాలతో పోలిస్తే అటూఇటూ మారి ఉండేవి. నేల మీద ఉండగా చక్రాలు ముడుచుకునే ప్రమాదాలు వాటిలో ఎక్కువని 1980లో అక్కడి రవాణా భద్రతా మండలి ప్రత్యేక నివేదికే ఇచ్చింది.

అయితే పిడి ఆకారం ఒక్క తరహా తప్పునే ఆపగలదు. తప్పు మీట పట్టుకోవడం వేరు, మీట సంగతే మరిచిపోవడం వేరు. 2017 జులైలో కోల్‌కతా నుంచి ముంబై బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానంలో ఇది తలకిందులుగా జరిగింది. ఎగిరాక చక్రాలు లోపలికి తీయడం మరిచారు. విమానం పైకెక్కలేక ఆపసోపాలు పడింది, 24 వేల అడుగుల దగ్గరే ఉండిపోయింది, ఇంధనం కరిగిపోతుంటే నాగపూర్‌కు మళ్లించారు. బయట ఉండిపోయిన భాగం ఇంధనాన్ని ఎలా తాగేస్తుందో తిరుపతి వాళ్లకు ముందే తెలుసు. 1993 నవంబర్ 15న మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ మసక వెలుతురులో దిగలేక మళ్లీ పైకి లేచింది. ఫ్లాప్స్ మాత్రం లోపలికి పోలేదు. తిరిగి మద్రాసు దాకా చేరేంత ఇంధనం మిగలక తిరుపతి దగ్గర వరి పొలంలో దిగింది. 262 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

కరాచీ ప్రయాణికులకు ఆ అదృష్టం లేకపోయింది. 2020 మే 22న లాహోర్ నుంచి వచ్చిన పాకిస్థాన్ ఎయిర్‌బస్ ఏ320 ఎత్తు ఎక్కువ, వేగం ఎక్కువగా రన్‌వే మీదకు వచ్చింది. ముందు దించిన చక్రాలను మళ్లీ లోపలికి తీశారు. కాక్‌పిట్‌లో హెచ్చరికలు వరసగా మోగాయి. ఇంజిన్లు నేలకు రాచుకుని నిప్పులు చిమ్మాక విమానాన్ని మళ్లీ పైకి లేపారు. దెబ్బతిన్న ఇంజిన్లు రెండూ ఆగిపోయి ఇళ్ల మీద కూలింది. 99 మందిలో 97 మంది పోయారు. జారుతున్నప్పుడు అలాగే వదిలేసి ఉంటే వాళ్లలో చాలామంది దిగి నడిచి వెళ్లేవారనే నా నమ్మకం.

మరపుకు ఇంతవరకు దొరికిన మందు నోటితో చెప్పడం, ఇంకో జత కళ్లతో చూడటం. చెక్‌లిస్ట్ పుట్టింది కూడా రైట్ ఫీల్డ్‌లోనే. 1935 అక్టోబర్ 30న బీ-17 తొలి నమూనా, తోక దగ్గరి పలకలకు వేసిన లాక్ తీయకుండా ఎగిరి కూలాకే ఆ జాబితా వచ్చింది. బ్రిటిష్ వైమానిక దళం రన్‌వే పక్కన చిన్న బండిలో ఒక మనిషిని కూర్చోబెట్టేది. చక్రాలు దిగని విమానం కనిపిస్తే ఎర్ర నిప్పుల తుపాకీ పేల్చడం అతని పని.

మన దుండిగల్ వైమానిక దళ అకాడమీలో 2009 దాకా క్యాడెట్లు మొదట నేర్చుకున్న హెచ్‌పీటీ-32కు చక్రాలు ముడుచుకునేవి కావు. 2013 నుంచి అక్కడ నేర్పుతున్న పిలాటస్ పీసీ-7కు ముడుచుకుంటాయి. అంటే ఇప్పటి క్యాడెట్‌కు మొదటి పాఠాల నుంచే ఆ మీటతో పని. ఒక్కో చక్రం దిగి గట్టిగా బిగుసుకున్నాక ఒక్కో పచ్చ దీపం వెలుగుతుంది. మూడూ చూసి, ‘త్రీ గ్రీన్స్’ అని రేడియోలో పైకి చెప్పాలి. మామునూరుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం పచ్చజెండా ఊపింది. కొత్తగూడెం వైపు కూడా విమానాశ్రయం కావాలన్న కోరిక పాతదే. ఆ రన్‌వేల మీద చిన్న విమానాలు దిగే రోజు వస్తే, టవర్‌లో కూర్చునే మనిషి చివరి మలుపు దగ్గర ఆ రెండు మాటలూ అడిగి మరీ చెప్పించుకోవాలి.