గడిలో పట్టని వత్తు

డెబియన్ అని ఒక ఉచిత ఆపరేటింగ్ సిస్టం. దాని ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేస్తే మొదట రెండు దారులు చూపిస్తుంది. బొమ్మల తెర ఎంచుకుంటే భాషల జాబితాలో తెలుగు ఉంటుంది. ఉత్త అక్షరాల తెర ఎంచుకుంటే మాయం. అదే పెన్‌డ్రైవ్, అదే సరుకు! ఇది కంటబడ్డాక రెండు రోజులు మరో పని ముట్టుకోలేదు.

కారణం మన వత్తులే. అక్షరాల తెర అంటే గళ్ల నోటుబుక్కు లాంటిది. చైనా లిపిలో అక్షరాలు వేలకొద్దీ ఉన్నా ఒక్కోటీ బుద్ధిగా రెండేసి గడుల్లో కూర్చుంటుంది. మన ‘స్త్రీ’ అలా కూర్చోదు. యూనికోడ్‌లో దానికి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరూ కిందా పైనా అల్లుకుని ఒకటే ముద్ద కావాలి. గడికి ఆ విద్య రాదు. 2007 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఎచ్’ విడతతో డెబియన్‌కు బొమ్మల ఇన్‌స్టాలర్ అమిరింది. 2011 ఫిబ్రవరి 6న ‘స్క్వీజ్’ విడుదలైనప్పుడు కన్నడం, లావో, సింహళాలతో పాటు తెలుగూ అందులో చేరింది. మొత్తం 70 భాషలు. థాయ్ మాత్రం అదే విడతలో అక్షరాల తెరలోకి కూడా దూరిపోయింది. కాస్త కుళ్లుకున్నాను.

అంతకు రెండు దశాబ్దాల ముందే ఆ గళ్ల తెర మీద మన లిపి వెలిగిందన్నది ఇంకో తమాషా. కాన్పూర్ ఐఐటీలో మొదలై పుణె సీడాక్‌లో ఎదిగిన ‘జిస్ట్’ కార్డును కంప్యూటర్ లోపల గుచ్చితే, డాస్‌లో నడిచే మామూలు ప్రోగ్రాములే భారతీయ లిపులు చూపించేవి. అంత పనిమంతురాలైన కార్డు పేరు ఇవాళ ఇంజనీరింగ్ పిల్లలకు తెలియదు. ఇంకా వెనక్కి పోతే, మన హైదరాబాద్ ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. ఆ తరం యంత్రాలను నిద్రలేపాలంటే పలక మీది స్విచ్చులు ఒక్కొక్కటీ పైకీ కిందికీ వేసి, చిల్లుల కాగితం చుట్ట ఎక్కించాలి. ఆ తర్వాతి ముప్పై ఏళ్లూ, డాస్ ఫ్లాపీలతో సహా, దాటేస్తున్నాను. నా మనసంతా ఎక్స్‌పీ కాలం మీదే ఉంది.

విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబర్ 25న విడుదలైంది. మా వైపు ‘ఇన్‌స్టాల్’ అనేవాళ్లు తక్కువ. ‘విండోస్ వెయ్యాలె’, ‘ఫార్మాట్ కొట్టాలె’ అనేవాళ్లు. అప్పటికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోనివే. వేరు జిల్లాలైంది 2016 అక్టోబర్ 11న. మొదటి రెండు ఊళ్లకూ రైలుంది. మా భూపాలపల్లికి బస్సే గతి. 2007లో నేను విండోస్ వేయించడానికి సీపీయూను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, పరకాల మీదుగా హనుమకొండ పోయాను. కండక్టర్ దానికీ టికెట్ కొట్టాడు.

షాపులో తమ్ముడు సీడీ పెట్టాడు. ఇరవై అయిదు అక్షరాల కీ ఆ సీడీ మీదే స్కెచ్ పెన్‌తో రాసుంది. నీలం తెర వచ్చింది. ఒప్పందం పేజీ చదవకుండానే ఎఫ్8 కొట్టాడు.

“డీ డ్రైవ్ ఉంచాల్నా అన్నా?”

“ఎందుకు తమ్మీ, అంతా కొత్తగ చెయ్యి.”

డి నొక్కాడు, ఎంటర్ కొట్టాడు, ఎల్ నొక్కాడు. చెల్లె పెండ్లి ఫోటోలు ఆ ఎల్‌తోనే పోయాయి. ఇక ‘39 నిమిషాలు’ అని తెర మీద పడింది. ఎక్స్‌పీ ఎక్కించిన ఎవరినడిగినా ఆ అంకె చెబుతారు. ఆ 39లో రెండు చాయ్‌లు అయిపోయేవి.

ఆ ఎక్స్‌పీలోనే తెలుగు కూడా ఉంది, నిద్రపోతూ. ఫాంటు పేరు గౌతమి, అంటే మా కాళేశ్వరం దగ్గర పారే గోదావరే. వత్తులు సరిగా కుదరాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో ఒక గడిలో టిక్కు పెట్టాలి. పెట్టగానే “సీడీ వెయ్యి” అంటుంది. సీడీ హనుమకొండలో ఉండె!

ఉబుంటు అనే ఇంకో ఉచిత సిస్టం వాళ్లయితే అడిగితే చాలు, ఉచితంగా సీడీ పోస్టులో ఇంటికే పంపేవారు. 2011లో ఆ పద్ధతి ఆపేశారు. ఆ సీడీ పెడితే డిస్కులో ఏదీ చెరపకుండానే సిస్టం మొత్తం నడిపి చూడొచ్చు. నా డీ డ్రైవ్‌కు అదే రక్షరేకు అయ్యుండేది. హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ సంస్థ డెబియన్‌ను పట్టుకుని, విద్యార్థులూ ఉద్యోగులూ కూర్చుని మాటమాటకూ తెలుగు వెతికి ఏకంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమే తయారుచేసింది. దానికి రావలసినంత పేరు రాలేదని నా ఫిర్యాదు. ఇన్‌స్టాలర్ తెలుగు నేర్చేసరికి జనం ఫోన్లకు మళ్లారు. ఫోన్‌లో అన్నీ వేసే వస్తాయి. అంతా సులువైందంటారు గానీ, ఆ పనే మన చేతుల్లోంచి తీసేశారు. ఫార్మాట్ కొట్టడం వచ్చిన పిల్లవాడికి వాడకట్టులో ఉండే మర్యాద కూడా దాంతోనే పోయింది.

మీ అటక మీద పాత డెస్క్‌టాప్ ఉంటే దించండి. పెన్‌డ్రైవ్ పెట్టి బొమ్మల తెరే ఎంచుకోండి. జాబితాలో తమిళానికి కింద, థాయ్‌కి పైన తెలుగు ఉంటుంది. ఎంటర్ కొట్టేముందు డీ డ్రైవ్‌లో ఫోటోలు వేరేచోట దాచుకోండి.