కాపు తప్పిన మొక్కలు

పరదేశపు మొక్కలన్నియు మనకు శత్రువులు కావు. మిరపకాయ లేనిదే మనయింట పచ్చడి లేదు. అయినను మిరప అమెరికా ఖండమునుండి వచ్చినదే. వేరుసెనగ, పొగాకు, మొక్కజొన్న, జామ కూడ ఆ ఖండమునకు చెందినవే. 1498లో పోర్చుగీసువారు కోజికోడు రేవు చేరిన పిమ్మటి కాలమున ఇవి క్రమముగా మన దేశమున వ్యాపించినవి. వీనివలన మనకు లాభమే కలిగినది. ఏలయన, ఇవి రైతు విత్తినచోట మొలచును. రైతు కోసినపుడు నేలను విడుచును. వీనికి కాపు గలదు. కాపు తప్పిన మొక్కల చరిత్ర వేఱు.

ఆ చరిత్రలో మొదట చెప్పదగినది లాంటానా. పలుచోట్ల దీనిని పులికంప యందురు. రంగురంగుల పూగుత్తులకు ముచ్చటపడి 1809 ప్రాంతమున ఆంగ్లేయులు దీనిని కలకత్తా వృక్షశాస్త్రోద్యానమునకు తెచ్చిరి. తోటకు గోడ యున్నను పక్షులకు అడ్డు లేదు. అవి నల్లని పండ్లను తిని గింజలను అడవులలో విడిచినవి. నేడు దక్కను అడవులలో వెలుతురు సోకు తావులనెల్ల ఆ పొద అల్లుకొనుచున్నది. దాని క్రింద గడ్డి పెరుగదు. దాని ఆకు మేసిన పశువు రోగమున పడును.

రెండవ కథ తెలుగునేలమీదనే ఆరంభమైనది. ధాత కరవు నాళ్ళలో, 1877లో, మద్రాసు ప్రభుత్వపు అటవీశాఖవారు అమెరికా తుమ్మగింజలను తెప్పించి కడప జిల్లా కమలాపురమున విత్తించిరి. వంటచెఱకు దొరకవలెననియు, ఎండునేలలు పచ్చబడవలెననియు వారి తలంపు. అదియే నేటి సర్కారు తుమ్మ. మేకలును పశువులును దాని తీయని కాయలను తినును. గట్టి గింజ జీర్ణము కాక పేడతో పడి, పడినచోటనే మొలచును. ఇట్లు చెఱువు శిఖములు, వాగుగట్లు, మేతబీళ్ళు దాని పాలైనవి. దాని బొగ్గుతో బ్రదుకు బీదలున్నమాట నిజమే. కాని ఒక మేలుకొఱకు తెచ్చినది వేయి మేతబీళ్ళను మ్రింగినమాటయు నిజమే.

మూడవది గుర్రపుడెక్క. దక్షిణ అమెరికాలోని ఈ నీటిమొక్కను 19వ శతాబ్ది చివర ఊదారంగు పూవుకొఱకే మన దేశమునకు తెచ్చిరి. అనుకూలమైన నీటిలో రెండు వారములకే ఇది రెట్టింపగును. బెంగాలు కాలువలలో పడవలు ఆగిపోయినవి, వరిపొలములు చెడినవి. 1936లో అచ్చటి ప్రభుత్వము దీనిని నిర్మూలించుటకు ప్రత్యేకముగా చట్టమే చేయవలసి వచ్చెను. అయినను అది పోలేదు. హైదరాబాదు చెఱువులలో యంత్రములు పెట్టి నేటికిని దానిని తోడుచునేయున్నారు.

ఈ మూడింటి వెనుక ఇపుడు మఱియొక జాతి నిలుచుచున్నది. అవి పురుగులను తిను మొక్కలు. వానిలో కొన్నిటికి కుండవంటి ఆకులుండును. కొన్నిటి ఆకులపై జిగురుబొట్లు మెఱయుచుండును. వ్రాలిన పురుగు మరల లేవదు. సారము లేని నేలలో పెరుగుటచే ఈ మొక్కలు తమకు కావలసిన నత్రజనిని పురుగులనుండి తీసికొనును. ఇట్టివి మన దేశమునను స్వతస్సిద్ధముగా గలవు. డ్రాసెరా యను చిన్న జిగురుమొక్క వానకాలమున తడినేలలలో మొలచును. ఆ తావులు చిన్నవి. అక్కడ బ్రదుకు మొక్కలు పొట్టివి, అల్పములు.

ఇప్పుడు పట్టణపు నర్సరీలలో పరదేశపు కుండమొక్కలు వినోదముకొఱకు అమ్ముచున్నారు. కుండీలో నున్నంతకాలము వానివలన భయము లేదు. వేడుకకై వానిని వాగు ఊటల చెంత నాటినచో ఏమగునో ఐర్లండు దేశము చెప్పుచున్నది. 1906లో అచ్చటి బురదనేలయందు ఉత్తర అమెరికా కుండమొక్కను తెచ్చి నాటిరి. అది వ్యాపించి, ఆ నేలకు ప్రాణమైన నాచును చిన్నమొక్కలను క్రిందికి త్రొక్కివేసెను. అది మూడు విధముల హాని చేయును: చోటు నాక్రమించును, వెలుతురు నడ్డగించును, అక్కడి పురుగులను తినును. ఇంగ్లండులో కొన్నిచోట్ల దానిని మనుష్యులు చేతులతో పెఱికి ఎత్తవలసి వచ్చెను.

ఈ మాట వికారాబాదు, తాండూరు పెద్దలకు ముఖ్యముగా చెప్పుటకు కారణము గలదు. మూసీనది పుట్టునది అనంతగిరి కొండలలో. ఈ ప్రాంతపు పడమటి నీళ్ళు కాగ్నాలో కలిసి తాండూరు ప్రక్కగా భీమానదికి పోవును. రెండుదారుల నీరును తుదకు కృష్ణలోనే చేరును. దిగువ ఊరిలో పడిన కలుపు ఆ ఊరికే కీడు చేయవచ్చును. ఎగువన పడినది దిగువనున్న అన్ని ఊళ్ళకును పోవును. కావున నీటి మొదట నుండువారి బాధ్యత పెద్దది.

చేయవలసిన పని కష్టమైనది కాదు. గుడికోనేటిలోగాని, చెఱువులోగాని, అడవి ఊటలోగాని కొనితెచ్చిన మొక్కను విడువరాదు. క్రొత్తది కనబడినచో అది పూయకమునుపే గుర్తుపట్టి పెఱికించవలెను. 2002లో వచ్చిన జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక సంఘమును ఏర్పఱచి, ఊరి మొక్కలను జంతువులను ఒక పట్టికలో వ్రాయింపవలెను. ఏ బీటిలో ఏ గడ్డి మొలచెడిదో, ఏ ఊట చెంత ఏ మొక్క పూచెడిదో ఎఱిగినవారు పెద్దలే. ఆ పేర్లు వారితోనే పోయినచో, పోయిన మొక్క ఏదో కూడ తరువాతివారికి తెలియదు. పంచాయతీ కచేరీకి పోయి, ఆ పట్టికను తెప్పించి, మీ మాటగా నాలుగు పేర్లు వ్రాయింపుడు.